పాడేరు ఫైళ్ళే నీ అప్లికేషన్

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. విశాఖలో ఐదేళ్ళ లా చేసి, రెండున్నరేళ్ళుగా జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేస్తున్నాను. నెలలో నాలుగైదు రోజులు పాడేరు వైపు వెళ్ళి, అటవీ హక్కుల క్లెయిములు తిరస్కరించిన వాళ్ళకి అప్పీళ్ళు రాసిపెడుతుంటాను. డబ్బులేమీ రావు. బ్రిటన్‌లో హ్యూమన్ రైట్స్ లాలో ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్) చేయాలని కోరిక. నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు, మాది ఎస్సీ కుటుంబం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. అంత లోను తీసుకునే ధైర్యం లేదు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 45 వేలు కడితే ఎస్సేలతో సహా అన్నీ తామే చూసుకుంటామన్నారు. మా సీనియర్ గారేమో "హ్యూమన్ రైట్స్ కూడు పెడతాయా, ఓపిక పట్టి సివిల్ సైడు నేర్చుకో" అంటున్నారు. ఏ స్కాలర్‌షిప్‌కి పెట్టాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? నేను రాసుకున్న డ్రాఫ్టు జత చేశాను. ఇంకో మాట, లా మూడో ఏడాదిలో ఉండగా వెంకటాపురం గ్యాస్ లీక్ బాధితులకి ఫారాలు నింపిపెట్టాను, అది కూడా రాయొచ్చా?
- ఒక పాఠకురాలు, గోపాలపట్నం

చెల్లీ, ముందు ఆ 45 వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకు. బ్రిటన్‌లో చదవడానికి ఇచ్చే స్కాలర్‌షిప్పులు చెవెనింగ్‌కి గానీ కామన్వెల్త్‌కి గానీ అప్లికేషన్ ఫీజే లేదు, రెండూ ఆన్‌లైన్‌లో నీ అంతట నువ్వే పెట్టుకునేవి, మధ్యలో ఏజెంటుకి చోటే లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు రాసే ఎస్సే ఎలా ఉంటుందో నేను చూశాను, పోయినసారి ఎంబీఏకి పెట్టిన కుర్రాడి ఎస్సేలో పేరూ సబ్జెక్టూ మార్చి నీ చేతికిస్తారు. పైగా కాపీ కొట్టిన రాతనీ, మెషీన్ చేత రాయించిన రాతనీ అక్కడ చెక్ చేస్తారు, పట్టుబడితే అప్లికేషన్ పక్కన పడేస్తారు. ఆ డబ్బు దాచుకుంటే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష ఫీజు, పాస్‌పోర్టు, యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టులు అన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది.

ఇక నీ డ్రాఫ్టు. కోపం తెచ్చుకోకు, మొదటి పేరా మొత్తం కొట్టేశాను. "చిన్ననాటి నుంచీ న్యాయం పట్ల నాలో రగులుతున్న తపన" అని మొదలుపెట్టావు. ఈ వాక్యం రాయని అప్లికెంటు ఉండరు. చదివేవాళ్ళకి రోజుకి ఎన్ని తపనలు రగులుతాయో ఊహించుకో. ఆ తర్వాత అంబేడ్కర్ మాట ఒకటి, మండేలా మాట ఒకటి, ఆ తర్వాత భారతదేశంలో పేదరికం గురించి ఐదు లైన్లు. నువ్వెక్కడున్నావు ఇందులో? పదాల పరిమితి అసలే తక్కువ, అందులో సగం మండేలాకే ఇచ్చేస్తే ఎలా?

నీ డ్రాఫ్టులో మూడో పేజీలో, అదీ ఏదో మొహమాటంగా, ఒక సంగతి రాశావు. ఒక ఊళ్ళో పందొమ్మిది మంది పోడు భూమి క్లెయిములు కారణం చెప్పకుండా తిరస్కరిస్తే, నువ్వు అధికారుల చుట్టూ తిరిగి ఆ కారణాలు రాతపూర్వకంగా ఇప్పించావు, ఇప్పించాక 60 రోజుల గడువు దాటకుండా జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు వేయించావు, అందులో కొన్ని మళ్ళీ విచారణకి వచ్చాయి. అసలు ఎస్సే అదే! 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ, దాని మీద సబ్ డివిజనల్ కమిటీ, దాని మీద జిల్లా కమిటీ ఉంటాయని, తిరస్కరిస్తే ఎందుకో క్లెయిము పెట్టినవాళ్ళకి తెలియజేయాలని 2012 సవరణ నిబంధనల్లో ఉందని, ఆ తెలియజేయడం జరగకపోతే అప్పీలు గడువు ఎప్పుడు మొదలైనట్టో ఎవరికీ తెలియదని, ఆ చిన్న కాగితం ముక్క మీదే మొత్తం హక్కు ఆగిపోయిందని నువ్వు రాస్తే, లండన్‌లో కూర్చుని చదివే మనిషికి కూడా వెంటనే అర్థమవుతుంది. "నాయకత్వ లక్షణాలు" అని అడిగేది సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్నావా అని కాదు. ఒప్పుకోని గుమస్తాని ఎలా ఒప్పించావు, భయపడుతున్న ఊరివాళ్ళని గ్రామసభలో ఎలా మాట్లాడించావు, నీతో పాటు ఇంకెవర్ని కలుపుకున్నావు, అనుకున్నది ఎక్కడ జరగలేదు, అప్పుడేం చేశావు. ఇవి రాయి. పందొమ్మిదిలో ఎన్ని వెనక్కి వచ్చాయో ఆ అంకె ఉన్నదున్నట్టు రాయి, తక్కువైనా ఫర్వాలేదు, గుండ్రంగా "వందలాది గిరిజనులకు" అని పెంచి రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నీళ్ళు నమలాల్సి వస్తుంది.

వెంకటాపురం సంగతి రాయొచ్చా అని అడిగావు, అదీ ఉత్తరం చివర్లో, పోనీలే అన్నట్టు. రాయొచ్చు, కానీ ఎందుకు రాస్తున్నావో తేల్చుకుని రాయి. 2020 మే 7 తెల్లవారుజామున మీ గోపాలపట్నం పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు, మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది, అప్పుడు లాయర్ల మధ్య ఒక చర్చ నడిచింది గుర్తుందా? ట్రిబ్యునల్ "స్ట్రిక్ట్ లయబిలిటీ" (కొన్ని మినహాయింపులుండే బాధ్యత) అంటుందేమిటి, 1986లోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు "యాబ్‌సల్యూట్ లయబిలిటీ" (ఏ మినహాయింపూ లేని బాధ్యత) తెచ్చింది కదా అని. ఆ కంపెనీ మాతృసంస్థ ఎల్‌జీ కెమ్ దక్షిణ కొరియాలో ఉంది. అక్కడి కంపెనీని ఇక్కడి మనిషి ఏ కోర్టులో, ఏ హక్కు కింద అడగాలి? ఈ ప్రశ్నకి బ్రిటన్‌లో జవాబు వెతకడానికి గట్టి కారణమే ఉంది. జాంబియాలో రాగి గని కాలుష్యం మీద 1,826 మంది గ్రామస్థులు లండన్‌లో గనుల కంపెనీ వేదాంత మీద కేసు వేస్తే, దాన్ని బ్రిటన్‌లో వినొచ్చని 2019లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. వేదాంత వర్సెస్ లుంగోవే అంటారు, ఇప్పటిదాకా చదవకపోతే ఈ వారం చదువు. "బ్రిటన్‌లోనే ఎందుకు" అన్న ప్రశ్నకి అందరూ ప్రపంచ ప్రఖ్యాత విశ్వవిద్యాలయాలు, విభిన్న సంస్కృతులు అని రాస్తారు. నువ్వు ఈ కేసు రాస్తే అది నీదే, గోపాలపట్నంలో పుట్టినవాళ్ళు తప్ప ఇంకొకరు రాయలేరు.

కానీ రెండూ కలిపి కిచిడీ చేయకు. అటవీ హక్కులా, కంపెనీల బాధ్యతా, ఒకటి వెన్నెముకగా పెట్టుకుని రెండోది రెండు లైన్లలో వచ్చి వెళ్ళిపోవాలి. నన్నడిగితే పాడేరుదే ముందు పెట్టమంటాను, ఎందుకంటే అక్కడ నువ్వు చేసిన పని ఎక్కువ, ఏళ్ళ తరబడి చేసింది. రెండింటినీ కలిపే ముడి కావాలంటే సమత తీర్పు ఉండనే ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద మొదలైన కేసు, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని 1997 జూలైలో సుప్రీంకోర్టు చెప్పిన కేసు. మన జిల్లా నుంచి వెళ్ళిన కేసు అది (ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయిందనుకో). కోర్సులో ఏం చదవాలనుకుంటున్నావో చెప్పేటప్పుడు, 2007 ఆదివాసీ హక్కుల ఐరాస ప్రకటనకి భారతదేశం ఓటేసింది గానీ ఆదివాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 169వ ఒడంబడికని ఆమోదించలేదు, ఆ తేడా క్షేత్రంలో ఏం చేస్తుందో చూడాలనుంది అని రాయగలిగితే, తపన గురించి నువ్వు వేరే చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఏ స్కాలర్‌షిప్ అన్నది.

నీకు సరిగ్గా అతికేది చెవెనింగ్. బ్రిటన్ ప్రభుత్వానిది, ఒక ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, నెలనెలా ఖర్చులు, విమాన టికెట్టు, వీసా అన్నీ ఇస్తుంది. అప్లికేషన్లు ఆగస్టులో తెరుస్తారు, అక్టోబరులో మూసేస్తారు, తేదీలు ఏటా అటూ ఇటూ అవుతాయి. చదువైపోయాక స్వదేశానికి వచ్చి రెండేళ్ళు ఉండాలన్నది షరతు, నీకది షరతులా కూడా అనిపించదనుకుంటా. వయసుకి పైన హద్దు లేదు. అసలు మెలిక పని అనుభవం దగ్గర ఉంది. రెండేళ్ళు అంటారు గానీ లెక్క గంటల్లో, 2,800 గంటలు. దీన్ని చూసి మన జూనియర్ లాయర్లు చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు, జీతం స్లిప్పు లేదు కదా, సీనియర్ ఇచ్చేది పెట్రోలు ఖర్చే కదా అని. జీతం ఇచ్చారా లేదా అన్నది వాళ్ళకి ముఖ్యం కాదు, స్వచ్ఛందంగా చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. కోర్టు పనికి వారానికి 35 గంటలు చొప్పున లెక్క వేసుకున్నా రెండున్నరేళ్ళలో నీకు సరిపోతుంది, పాడేరు గంటలు ఆ పైన. డిగ్రీలో భాగంగా తప్పనిసరిగా చేసిన ఇంటర్న్‌షిప్పులు మాత్రం లెక్కలోకి రావు, అవి కలపకు. నువ్వు చేయాల్సిందల్లా ఒక నోట్‌బుక్‌లో పాత డైరీలు, కాజ్ లిస్టులు (కోర్టు రోజువారీ కేసుల జాబితాలు) ముందు పెట్టుకుని ఏ నెలలో ఎక్కడ ఎంత పని చేశావో రాసుకోవడం, దానికి సాక్ష్యంగా సీనియర్ గారి దగ్గర లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల ధ్రువీకరణ తీసుకోవడం.

చెవెనింగ్ అప్లికేషన్‌లో మూడు కోర్సులు ఎంచుకోవాలి, అది వేరు, ఆ యూనివర్సిటీలకి విడిగా సీటుకి అప్లై చేయడం వేరు. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. స్కాలర్‌షిప్ వచ్చినా వేసవిలో వాళ్ళు చెప్పిన గడువులోపు షరతుల్లేని ఆఫర్ చేతిలో లేకపోతే అంతా పోయినట్టే. కోర్సులు ఎంచుకునేటప్పుడు పేరు చూసి పడిపోకు. ఉదాహరణకి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నేషనల్ హ్యూమన్ రైట్స్ లా కోర్సు చాలా మంచిది, కానీ అది పార్ట్‌టైం, చెవెనింగ్‌కి పనికిరాదు. ఎసెక్స్ చూడు, అక్కడ హ్యూమన్ రైట్స్ సెంటర్ 1980ల నుంచి ఉంది, ఈ సబ్జెక్టులో దానికున్న పేరు చాలా పెద్ద యూనివర్సిటీలకి లేదు. నాటింగ్‌హామ్, క్వీన్ మేరీ, సోయాస్ కూడా చూడు. ప్రతి కోర్సు పేజీలోకి వెళ్ళి మాడ్యూల్స్ చదువు, నీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న రెండు మాడ్యూళ్ళ పేర్లు ఎస్సేలో రావాలి.

రెండోది కామన్వెల్త్. అందులో షేర్డ్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది, సొంత డబ్బుతో బ్రిటన్‌లో చదవలేని వాళ్ళ కోసమే పెట్టింది, స్కాలర్‌షిప్ కమిషనూ యూనివర్సిటీ కలిసి ఖర్చు భరిస్తాయి. అన్ని కోర్సులకీ ఉండదు, ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకి అన్న పట్టిక ఏటా వేస్తారు, అందులో హ్యూమన్ రైట్స్‌కి దగ్గరగా ఏముందో చూసుకోవాలి. ఇక్కడ వాళ్ళు అడిగేది వేరు. నీ నాయకత్వం కన్నా, ఈ చదువు వల్ల నీ ప్రాంతానికి ఏం ఒరుగుతుంది అన్నది ముఖ్యం. కాబట్టి చెవెనింగ్ ఎస్సే తెచ్చి ఇక్కడ అతికించకు. ఫెలిక్స్ అని భారతీయ విద్యార్థులకి ఇంకోటుంది, ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రీడింగ్‌లలో ఇస్తారు, ఫస్ట్ క్లాస్ ఉండాలి, ఇదివరకు విదేశాల్లో చదివి ఉండకూడదు. మార్కులు నువ్వు రాయలేదు, మంచివైతే వదలకు. అమెరికాలో చదవడానికి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ళ అనుభవం కావాలి, వచ్చే ఏడాదికి చూద్దాం.

ఇక కేంద్ర సామాజిక న్యాయ శాఖ వాళ్ళ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. నీ ఉత్తరంలో దీని ఊసే లేదు, ఎవరూ చెప్పలేదా? ఎస్సీలకీ, విముక్త సంచార జాతులకీ, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకీ, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళకీ కలిపి ఏటా 125 ఇస్తారు, అందులో 115 ఎస్సీలవి, 30 శాతం ఆడపిల్లలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం. మీ నాన్నగారి కాంట్రాక్టు జీతంతో ఆదాయం దగ్గర నీకే ఇబ్బందీ లేదు. కానీ మూడు సంగతులు తెలుసుకుని దిగు. ఒకటి, ప్రపంచ యూనివర్సిటీల క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ ఆఫర్ కావాలి, ఎంపిక కూడా ర్యాంకు పైనున్న యూనివర్సిటీ తెచ్చినవాళ్ళకి అనుకూలంగా జరుగుతుంది. హ్యూమన్ రైట్స్‌లో పేరున్నవి మొత్తం ర్యాంకులో వెనక ఉండొచ్చు, సరిహద్దులో ఉన్నవి ఏటా లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి, ఆ ఏడాది పట్టిక చూడకుండా ఆఫర్ మీద ఆశ పెట్టుకోకు. రెండు, 2022 నిబంధనల్లో ఒక మాట పెట్టారు, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన అంశాలు దీని కిందకి రావని. కులం మీద, ఆదివాసుల మీద బయట దేశంలో చదవాలనుకున్న దళిత పిల్లలకే ఇది అడ్డంకి కావడం ఎంత అన్యాయమో నేను చెప్పక్కర్లేదు, అప్పట్లోనే చాలామంది గట్టిగా అడిగారు. నువ్వు చేయబోయేది అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో ఎల్ఎల్ఎం, పరిశోధన డిగ్రీ కాదు, కాబట్టి కోర్సుని కోర్సుగానే చూపించు, "పాడేరు కోందు తెగల మీద అధ్యయనం" అని దానికి పేరు పెట్టకు. అబద్ధం ఆడమనడం లేదు, కోర్సు అసలు పేరూ అసలు మాడ్యూళ్ళూ రాయమంటున్నాను, అంతే. మూడు, డబ్బు. 2025లో 106 మంది ఎంపికైతే మొదట 40 మందికే అవార్డు లెటర్లు వెళ్ళాయి, మిగతావాళ్ళకి నిధులుంటేనే అన్నారు. అందుకే దీని ఒక్కదాన్నే నమ్ముకుని లెక్కలు వేసుకోకు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకాలైతే ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ నిబంధనలూ మారిపోతుంటాయి, నువ్వు అప్లై చేసే నెలలో ఏది అమల్లో ఉందో సోషల్ వెల్ఫేర్ ఆఫీసులోనే కనుక్కో, పాత వీడియోలు చూసి కాదు.

కాగితాల గురించి ఎవరూ ముందు చెప్పరు, చివర్లో ఏడిపించేవి అవే. నీ పదో తరగతి మెమో తియ్యి, పక్కన లా ప్రొవిజనల్ పెట్టు, పక్కన ఆధార్ పెట్టు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి అక్షరం, నాన్నగారి పేరులో ఒకచోట 'హెచ్' ఎక్కువ, ఇలా ఉంటుంది మనందరికీ. పాస్‌పోర్టులో ఏ పేరుందో ఇకనుంచి అన్ని అప్లికేషన్లలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే పేరు. పాస్‌పోర్టే లేకపోతే పేరు విషయం తేల్చుకుని ఈ నెల్లోనే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ సచివాలయంలో పెట్టు, తహసీల్దార్ సంతకం దాకా ఎన్ని రోజులు పడుతుందో నీకు నేను చెప్పాలా, లాయరువి. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవడం ఇంకో తిరుగుడు, ఒకేసారి నాలుగైదు సీల్డ్ కవర్లు అడుగు.

రెఫరెన్స్ లెటర్ల దగ్గర మన కోర్టు సంప్రదాయం కొంప ముంచుతుంది. మన సీనియర్లు రాసేది ఎలా ఉంటుందంటే, "ఈమె నా దగ్గర రెండేళ్ళుగా పనిచేయుచున్నది, సత్ప్రవర్తన కలది, ఆమె భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను." ఇది క్యారెక్టర్ సర్టిఫికెట్, దీనివల్ల నీకు ఒక్క మార్కు రాదు. ఆయన పెద్దాయన, ఇలా రాయండి అని చెప్పలేవు. అందుకని ఒక పేజీ కాగితం తయారుచేసి ఇవ్వు, "సర్, మీకు గుర్తుండకపోవచ్చని రాసుకొచ్చాను" అని. అందులో మూడు కేసులు, ఒక్కో దాంట్లో నువ్వు చేసిందేమిటి, కౌంటర్ అఫిడవిట్ డ్రాఫ్టు నువ్వే చేశావా, తీర్పు వెతికింది నువ్వా, కక్షిదారుతో వాళ్ళ కువి భాషలో మాట్లాడించడానికి మనిషిని తెచ్చింది నువ్వా. ఆయన అందులోంచి రెండు తీసుకుని తన మాటల్లో రాస్తే చాలు. హ్యూమన్ రైట్స్ మీద ఆయనకి నమ్మకం లేకపోయినా ఫర్వాలేదు, నీ పని మీద ఉంటే చాలు. రెండో రెఫరీగా నీకు రాజ్యాంగ చట్టమో అంతర్జాతీయ చట్టమో చెప్పిన లెక్చరర్‌ని అడుగు, క్లాసులో నువ్వు గుర్తుండిపోయిన మనిషైతే మేలు, పెద్ద హోదా ఉన్నవాళ్ళ కోసం పరిగెత్తకు. నీ ముఖం కూడా గుర్తులేని ప్రిన్సిపల్ లెటరు ఎందుకూ కొరగాదు.

తెలుగు మీడియం గురించి టెన్షన్ పడుతున్నావు. ఎక్కడ చదివావని చెవెనింగ్ అడగదు. యూనివర్సిటీలు ఐఈఎల్‌టీఎస్ అడుగుతాయి, లాకి ఎక్కువచోట్ల 6.5 నుంచి 7 దాకా, ఆ పరీక్ష విశాఖలోనే రాయొచ్చు. రైటింగ్ దగ్గరే మనవాళ్ళకి అర మార్కు పోతుంది, దాన్ని పట్టుకుని రెండు నెలలు కూర్చో. ఎస్సే విషయంలో మాత్రం ఒక పద్ధతి చెప్తాను. ముందు ఇంగ్లీషులో రాయకు. పాడేరు కథ మొత్తం ఒక ఫ్రెండ్‌కి ఫోన్‌లో తెలుగులో చెప్పు, రికార్డు చేసుకో. మళ్ళీ వింటూ చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో దింపు. నీ డ్రాఫ్టులో ఇంగ్లీషు బరువెక్కిపోయింది, కోర్టు పిటిషన్ భాష, "హియర్‌ఇన్‌బిఫోర్" ఒక్కటే తక్కువ. నువ్వు ఉత్తరంలో నాకు రాసిన తెలుగు ఎంత తేటగా ఉందో చూసుకో, ఇంగ్లీషూ అలాగే ఉండాలి. ఇంటర్వ్యూ పిలుపు వస్తే అప్పుడు కూడా బట్టీ పట్టిన జవాబులు వద్దు. వాళ్ళు తరచుగా అడిగేది, తిరిగొచ్చాక ఏం చేస్తావు అని.

దానికి నీ దగ్గర జవాబు ఉందా? నీ డ్రాఫ్టులో "ఐక్యరాజ్యసమితిలో పనిచేయాలని" అని ఉంది. నిజంగా జెనీవా వెళ్ళాలనుందా, లేక రాస్తే బాగుంటుందని రాశావా? రెండోదైతే తీసెయ్. రెండేళ్ళు ఇక్కడే ఉండాలన్న స్కాలర్‌షిప్‌కి జెనీవా అని రాస్తే తలా తోకా కుదరదు. తిరిగొచ్చి హైకోర్టులో షెడ్యూల్డ్ ప్రాంత కేసులు చేస్తాను, పాడేరులో పారాలీగల్ వలంటీర్లకి అప్పీళ్ళు రాయడం నేర్పిస్తాను, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉంటాను, ఇలా పేరూ ఊరూ ఉన్న పనులు రాయి. పాఠాలు చెప్పాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఒక జాగ్రత్త. ఏడాది ఎల్ఎల్ఎం చెల్లదంటూ 2021 జనవరిలో బార్ కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది, వాటి మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. విదేశంలో చేసిన ఏడాది డిగ్రీతో ఇక్కడ అధ్యాపక ఉద్యోగానికి అర్హత ఉంటుందా అన్నది బయల్దేరే ముందు కనుక్కో.

మీ సీనియర్ గారి మాట గురించి. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఎల్ఎల్ఎం చేసొచ్చినంత మాత్రాన ఫీజులిచ్చే క్లయింట్లు క్యూ కట్టరు, పాడేరు అప్పీళ్ళు రాయడానికి ఎసెక్స్ డిగ్రీ అక్కర్లేదు కూడా. హక్కుల లాయరుగా పేరున్న బాలగోపాల్ గారు లెక్కల్లో పీహెచ్‌డీ చేసి, లెక్కలు చెప్తూ, తర్వాతెప్పుడో లా చదివి కోర్టుకొచ్చారు. ఆయనకన్నా ముందు హక్కుల కేసులు వాదించిన కన్నబిరాన్ గారి తరానికి ఈ డిగ్రీలు ఎక్కడివి? మరి నీకెందుకు అంటే, కంపెనీ ఒక దేశంలో, గని ఇంకో దేశంలో, పెట్టుబడి మూడో దేశంలో ఉండే కేసులు ఇకముందు పెరుగుతాయి, వాటిని వాదించే పద్ధతులు మన బార్‌లో నేర్పేవాళ్ళు తక్కువ. అది నేర్చుకోవడానికి ఒక ఏడాది, అదీ వేరేవాళ్ళ ఖర్చుతో. సొంత ఖర్చుతో అయితే నేనే వద్దంటాను. ఎక్కువచోట్ల ఫీజే 20 వేల పౌండ్లు దాటుతుంది, అంటే మన డబ్బుల్లో 20 లక్షల పైమాటే, లండన్ అద్దెలు వేరే. సగం ఫీజు తగ్గిస్తామని యూనివర్సిటీలు పంపే మెయిళ్ళు చూసి పొంగిపోయి మిగతా సగానికి మీ నాన్నగారి చేత సంతకం పెట్టించకు. హక్కుల పని చేసే లాయరు నెలకి ముప్పై వేల ఈఎంఐ కట్టాలంటే హక్కుల పని మానేసి ఇంకేదో చేయాలి.

అందుకే రెండో దారి కూడా ఇప్పుడే పెట్టుకో. డిసెంబరులో మన నేషనల్ లా యూనివర్సిటీల ఎల్ఎల్ఎం ప్రవేశ పరీక్ష, క్లాట్ పీజీ రాయి, రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు పోతుంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో ఏడాది ఎల్ఎల్ఎం ఉంది, ఇంటి దగ్గరే కావాలంటే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ ఉంది. చెవెనింగ్ ఈసారి రాకపోతే మళ్ళీ పెట్టొచ్చు, రెండోసారి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు.

డ్రాఫ్టు తిరగరాశాక మళ్ళీ పంపు, చదువుతాను. సీనియర్ గారి లెటరు మాత్రం ఈ వారమే కదుపు. మే నెల వస్తే కోర్టుకి సెలవులు, ఆయన ఊళ్ళో ఉండరు.